భద్రాచలం నీటిమట్టం మనకు తెలుసు. మందుల మట్టం ఎవరికి తెలుసు?

జొన్నాడ వంతెన మీదుగా రావులపాలెం వైపు పోయేవారు వర్షాకాలంలో ఒకసారి తల తిప్పి గౌతమి వంక చూడకుండా ఉండరు. ఈ ప్రాంతంలో పుట్టినవారికి కొన్ని అంకెలు చిన్ననాటనే కంఠతా వస్తాయి. భద్రాచలం వద్ద నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినదని వినగానే లంకలలోని వారు సామాను అటక ఎక్కించి, పశువులను ఏటిగట్టు మీదికి తోలుకొని వచ్చారు. ఎవరూ వారికి కంప్యూటరు నేర్పలేదు.

ఈ ఏర్పాటులో ఉన్న వివేకాన్ని గమనించండి. ఎగువన ఒక కొలత, దిగువన ఒక కొలత. ఎగువ అంకె దిగువకు తెలుస్తుంది. ఏ అంకెకు ఎవరు ఏమి చేయవలెనో ముందే నిర్ణయమై ఉన్నది. ఎగువ కురిసిన ప్రతి చినుకు లెక్కను ఎవరూ జొన్నాడకు పంపరు. కావలసినంత సమాచారమే, కావలసిన చోటికి, కావలసిన వేళకు వస్తుంది.

మన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో మందుల పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధము. అక్కడ చినుకు చినుకుకూ లెక్క ఉన్నది. వరద వచ్చేది మాత్రం ఎవరికీ ముందుగా తెలియదు. ఎగువ కొలత ఒక పోర్టలులో, దిగువ కొలత వేరొక పోర్టలులో ఉంటే అంతకంటె ఏమి జరుగుతుంది? దీనిని గురించి మొహమాటం లేకుండా వ్రాయవలెనని చాలాకాలంగా అనుకుంటున్నాను.

23 రోజులు

కొంతకాలం క్రిందట ఒక సాయంకాలం ఒక వ్యవసాయ కూలీ తన భార్యను ఆటోలో ఆనించి కూర్చోబెట్టుకొని మా ఇంటికి తీసుకువచ్చాడు. ఆమెకు 50 దాటిన వయస్సు. కుడి చేయి, కుడి కాలు స్వాధీనం తప్పినవి. మాట ముద్దగా వస్తున్నది. రక్తపోటు 210/120. వెంటనే 108కు ఫోను చేసి, బండి వచ్చేలోపల అతనిని అడిగాను.

"బీపీ మందు వేసుకుంటున్నదా?"

"ఏసుకునేదండి బాబూ. పోయిన నెల్లో ఎల్తే బిళ్ళలు లేవన్నారండి. మళ్ళీ ఎల్తే ఇంకా రాలేదన్నారండి. మూడోసారి కూలి మానుకుని ఎల్లలేకపోయామండి. ఒంట్లో బానే ఉంది గదా అనుకున్నామండి."

లెక్క వేస్తే ఆమె మందు లేకుండా గడిపినది 23 రోజులు. ఆ 23 రోజులే పక్షవాతానికి కారణమని ఏ వైద్యుడూ ప్రమాణం చేసి చెప్పలేడు. కాని అదుపు తప్పిన రక్తపోటు మెదడులోని రక్తనాళాలను ఏమి చేస్తుందో ప్రతి వైద్యునికీ తెలుసు. బాధ లేనంత మాత్రాన రక్తపోటు లేనట్లు కాదని నేను ఈ బ్లాగులో ఎన్నిసార్లు వ్రాశానో మీకు తెలుసు. అయితే ఈ తప్పును ఆమె మీద వేయడానికి నాకు మనసు ఒప్పలేదు. ఆమె రెండుసార్లు వెళ్ళినది. రెండుసార్లూ అలమర ఖాళీగా ఉన్నది.

తరువాత నేను ఆ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. దాని పేరు వ్రాయను, ఎందుకంటే ఈ దోషం ఆ ఒక్క కేంద్రానిది కాదు. అక్కడి ఉద్యోగి మర్యాదస్థుడు. కంప్యూటరు తెరను నా వైపు తిప్పి చూపించాడు. గత నెల వచ్చిన బిళ్ళలు, ఇచ్చిన బిళ్ళలు సరిగా సరిపోయినవి. గత నెల వాడకాన్ని బట్టి పెట్టిన ఇండెంటు పూర్తిగా మంజూరైనది. తెర ప్రకారం అక్కడ కొరత లేదు!

కొరత తన ఆనవాళ్ళను తానే చెరిపివేసుకుంటుంది

ఇది ఎలా సాధ్యమో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. అంకెలు ఊహించినవే, అయినా తర్కం మాత్రం ప్రతి ఊరిలోనూ ఇదే.

ఒక కేంద్రం పరిధిలో రోజుకు ఒక ఆమ్లోడిపిన్ బిళ్ళ వేసుకోవలసినవారు 120 మంది ఉన్నారనుకోండి. నెలకు కావలసినవి 3,600 బిళ్ళలు. వచ్చినవి 1,800. ముందుగా వచ్చిన 60 మందికి నెల మందు ఇచ్చేసరికి 15 రోజులలో అలమర ఖాళీ అయినది. తరువాతి 60 మంది ఉత్తచేతులతో తిరిగి వెళ్ళారు. స్టాకు రిజిస్టరులో ఏమి వ్రాసి ఉంటుంది? వచ్చినవి 1,800, ఇచ్చినవి 1,800, నిల్వ సున్న. తిరిగి వెళ్ళినవారిని వ్రాసుకొనడానికి ఆ రిజిస్టరులో గడి లేదు. వచ్చే నెల ఇండెంటు గత నెల వాడకాన్ని బట్టి పెడతారు కనుక మళ్ళీ 1,800. పై అధికారి తెరపై "కోరినవి 1,800, పంపినవి 1,800, నూటికి నూరు పాళ్ళు సరఫరా" అని కనిపిస్తుంది.

కొంచెం తెలివిగల పద్ధతి ఒకటి ఉన్నది. మందు నిండుకున్న రోజులను తీసివేసి లెక్కించడం. 15 రోజులకు 1,800 అయితే 30 రోజులకు 3,600. సరఫరా శాస్త్రం తెలిసిన వారందరూ చేయుమని చెప్పేది ఇదే. కాని ఇదీ కొన్ని నెలలకు మోసపోతుంది. "అక్కడ మందులు ఉండవు" అన్న మాట ఊరిలో పాకితే 40 మంది రావడం మానుకొంటారు. అప్పుడు వచ్చేవారు 80 మంది, కనిపించే అవసరం 2,400. అసలు అవసరం 3,600 అని చెప్పగలిగినది ఒక్కటే, రోగుల పట్టిక. ఆ పట్టిక మన వద్ద ఉన్నది. అయితే అది మందుల లెక్క ఉన్న చోట లేదు.

ఎన్ని పోర్టళ్ళు, ఎన్ని గదులు

మందుల నిల్వ లెక్క ఈ-ఔషధిలో ఉంటుంది. సీ-డాక్ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేరు రాజస్థాన్‌లో మొదలై మన రాష్ట్రంతో సహా అనేక రాష్ట్రాలకు వ్యాపించినది. 30 ఏళ్ళు దాటినవారి రక్తపోటు, మధుమేహ పరీక్షల వివరాలు అసాంక్రమిక వ్యాధుల పోర్టలులో ఉంటాయి. క్షయ రోగుల వివరాలు 2012లో మొదలైన నిక్షయ్‌లో, క్షయ మందుల లెక్క నిక్షయ్ ఔషధిలో ఉంటాయి. టీకాల నిల్వ, శీతల పెట్టెల ఉష్ణోగ్రత ఈవిన్‌లో ఉంటాయి. కుక్కకాట్లు, పాముకాట్లు, జ్వరాలు, విరేచనాల లెక్క 2021 ఏప్రిల్‌లో దేశమంతటికీ తెరచిన ఐహెచ్ఐపీకి చేరుతుంది. కాన్పులు, గర్భిణుల పరీక్షలు 2008 నుండి ఉన్న హెచ్ఎంఐఎస్‌లో ఉంటాయి. వీటన్నిటికీ పైన 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, 14 అంకెల ఆభా సంఖ్య.

వీటిలో ఏ ఒక్కటీ పనికిమాలినది కాదు. ప్రతి ఒక్కటి ఏదో ఒక అవసరం కొరకు పుట్టినది. కాని ఒక్కొక్కటి ఒక్కొక్క గదిలో పుట్టి, తలుపు మూసుకొని పెరిగినది. వ్యవస్థలు కలిసినవా లేదా అన్నదానికి నా దగ్గర ఒకే పరీక్ష ఉన్నది. ఇండెంటు పెట్టే వ్యక్తి ముందు, ఆ మందు వాడవలసిన రోగుల సంఖ్య దానంతట అది కనిపిస్తున్నదా? కనిపించకపోతే, ఢిల్లీలో ఎన్ని ఒప్పందాల మీద సంతకాలు జరిగినా అవి కలవనట్లే.

కలిస్తే ఏమవుతుందో మూడు ఉదాహరణలు చెప్పుతాను.

మొదటిది క్షయ. సాధారణ క్షయకు చికిత్స 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తరువాతి 4 నెలలు మూడు మందులు కలిసిన మాత్ర. రోజుకు ఎన్ని మాత్రలన్నది రోగి బరువును బట్టి ఉంటుంది. రోగి పేరు నమోదైన నాడే బరువు, చికిత్స మొదలైన తేదీ తెలుస్తాయి. ఇక రాబోయే 6 నెలలకు ఎన్ని మాత్రలు కావలెనో చెప్పడానికి జ్యోతిషం అక్కరలేదు. ఎక్కాలు వస్తే చాలు. అయినప్పటికీ 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం క్షయ మందుల సరఫరా ఆలస్యం కావచ్చునని, మూడు నెలలకు సరిపడా స్థానికంగా కొనుక్కొనవలసినదని రాష్ట్రాలకు లేఖ వ్రాయవలసి వచ్చినది. ఆ కొరత పైస్థాయి కొనుగోళ్ళలో పుట్టినది, క్రింది ఉద్యోగి తప్పు కాదు. కాని క్షయ మందు మధ్యలో ఆగితే మొండి క్షయ పుట్టే ప్రమాదం ఉన్నది. రోగుల లెక్కను, ఉన్న నిల్వను ప్రక్కప్రక్కన పెట్టి చూసే అలవాటు ఉన్న చోట, ఎన్ని రోజుల మందు మిగిలినదో నెలల ముందే తెలుస్తుంది.

రెండవది కుక్కకాటు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా 0, 3, 7, 28వ రోజులలో ఇవ్వవలెను. ఈ రోజు ఒక మండలంలో 10 కుక్కకాట్లు నమోదైతే, 3, 7, 28వ రోజులలో ఆ పదిమంది మళ్ళీ వస్తారని ఈ రోజే తెలుసు. కాటు ఒక పోర్టలులో, టీకా నిల్వ మరొక లెక్కలో ఉంటే, మొదటి సూది వేసిన కేంద్రమే మూడవ సూదికి "ఇక్కడ లేదు, పెద్దాసుపత్రికి వెళ్ళండి" అంటుంది. రేబిస్ వచ్చిన తరువాత దానికి మందు లేదన్న సంగతి ఇక్కడ గుర్తు చేయవలసి రావడమే దురదృష్టం.

మూడవది పాముకాటు. కోనసీమలో వరద వస్తే పాములు గట్లు ఎక్కుతాయి, మనుషులూ గట్లే ఎక్కుతారు. విషం ఎక్కిన వ్యక్తికి విరుగుడు మొదటి మోతాదే 8 నుండి 10 వయల్సు. ఒక కేంద్రంలో 2 వయల్సు ఉంటే కంప్యూటరు "స్టాకు ఉన్నది" అని చూపిస్తుంది. వైద్యుని లెక్కలో అది లేనట్లే. గత సంవత్సరాల వరద నెలలలో ఏ మండలంలో ఎన్ని పాముకాట్లు నమోదైనవో చూసి, జూన్ నెలలోనే విరుగుడును ఏటి అవతలికి చేర్చకపోతే, రోడ్డు మునిగిన తరువాత దానిని పడవ మీద వెతుక్కోవలసి వస్తుంది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని 2024 మార్చిలో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. ఆ లక్ష్యం నెరవేరేది గట్టు మీది కేంద్రంలో వయల్సు ఉన్నప్పుడే.

మహా పోర్టలు అనే మోహం

ఇంత చెప్పగానే నిపుణులు కొందరు వెంటనే ఒక పరిష్కారంతో సిద్ధమవుతారు. "అన్నిటినీ కలిపి ఒకే మహా పోర్టలు కట్టుదాం. రోగి పేరు, వేలిముద్ర, పరీక్ష, మందు, బిల్లు, టెండరు, లారీ ఎక్కడున్నదో, అన్నీ ఒకే తెర మీద." వినడానికి బాగుంటుంది. నేను దీనిని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

అన్నిటినీ కలపాలని బయలుదేరిన పని దేనినీ కలపదు. ప్రతి శాఖ తన కోరికల జాబితాను చేరుస్తుంది. రెండేళ్ళు సమావేశాలతో గడుస్తాయి. చివరకు తయారయ్యే ఫారాన్ని నింపవలసినది ఎవరు? ఇప్పటికే ఫోను బుర్ర వంచి చూస్తూ, రోగి ముఖం చూడలేకపోతున్న ఏఎన్ఎం. ఆమె మీద మరొక 40 గడులు మోపితే ఆమె అంచనాగా అంకెలు వేసి పంపుతుంది. అది ఆమె దోషం కాదు. పైకి పంపిన అంకె వలన తన అలమరలోకి ఒక్క బిళ్ళ అయినా అదనంగా వచ్చిన అనుభవం ఆమెకు లేదు. పనికిరాని లెక్కను ఎవరూ శ్రద్ధగా వ్రాయరు.

విజయం సాధించిన ఏర్పాట్లను చూడండి. అన్నిటి పరిధీ ఇరుకైనదే. ఈవిన్ దేశంలోని అన్ని మందుల జోలికీ పోలేదు. టీకాలు, శీతల పెట్టెల ఉష్ణోగ్రత, అంతే. శీతల గొలుసు చూసే వ్యక్తి ఫోనులో నిల్వ నమోదు చేస్తాడు, పెట్టెలోని పరికరం ఉష్ణోగ్రతను పంపుతుంది, తేడా వస్తే ఎవరు కదలవలెనో నిర్ణయమై ఉన్నది. 2021 జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు కోవిన్‌ను ఆ పునాది మీదనే నిలబెట్టగలిగారు.

ఇంకా వెనుకకు పోతే, తమిళనాడు. 1994లో నెలకొల్పిన తమిళనాడు వైద్య సేవల సంస్థ జిల్లా గిడ్డంగులు కట్టి, ప్రతి ఆసుపత్రికీ ఒక పాసుపుస్తకం ఇచ్చినది. ఈ సంవత్సరం నీకు ఇంత విలువగల మందులు, నీ అవసరాన్ని బట్టి తీసుకో, తీసుకున్నప్పుడల్లా ఇందులో వ్రాయిస్తాము. ఆసుపత్రి అవసరాన్ని, గిడ్డంగి నిల్వను, బడ్జెటును ఒక చిన్న పుస్తకం కలిపినది. ఇంటర్నెట్టు ఇంటింటికీ రాకముందు సంగతి ఇది. మనకు లోపించినది యంత్రం కాదని దీనివలన తెలియడం లేదా?

నేను గీసే గీత

విమర్శించి ఊరుకొనడం సులభం. కావున ఏది కలపవలెనో, ఏది కలపకూడదో నా అభిప్రాయం స్పష్టంగా చెప్పుతాను.

ప్రశ్న ఒక్కటే: రాబోయే 90 రోజులు ఈ కేంద్రంలో ఈ మందు ఉంటుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అవసరం లేని ఏ సమాచారాన్నీ మొదటి దశలో తాకవద్దు.

మందులు పది చాలు. విలేజ్ క్లినిక్కులలో 105 రకాల మందులు, 14 పరీక్షలు అని చెప్పారు. 105నూ ఒకేసారి పట్టుకోవద్దు. రెండు బీపీ మందులు, రెండు మధుమేహం మందులు, క్షయ మాత్రలు, ఐరన్ ఫోలిక్ మాత్ర, ఓఆర్ఎస్, జింకు, కుక్కకాటు టీకా, పాముకాటు విరుగుడు. ఈ పదీ సంవత్సరం పాటు నిండుకోకుండా చూపించిన తరువాత పదకొండవ దానిని గురించి మాట్లాడుదాం.

అంశాలు ఆరు చాలు. కేంద్రం సంకేతం, మందు సంకేతం, చేతిలో ఉన్న నిల్వ, రోగులకు ఇచ్చినది, మందు నిండుకున్న రోజులు, ఆ మందు వాడవలసిన రోగుల సంఖ్య. మొదటి రెండు చిన్నవిగా కనిపిస్తాయి, కాని ప్రాణం వాటిలోనే ఉన్నది. ఒకే ఊరి కేంద్రానికి ఒక పోర్టలులో ఒక సంఖ్య, మరొక దానిలో వేరొక సంఖ్య ఉంటే యంత్రం ఆ రెండింటినీ వేరు వేరు ఊళ్ళనుకుంటుంది. ఒక చోట "10" అంటే పది బిళ్ళలు, మరొక చోట పది స్ట్రిప్పులు అయితే పదింతలు తప్పు వస్తుంది. డిజిటల్ మిషన్‌లో ఆరోగ్య కేంద్రాల జాతీయ పట్టిక ఉన్నది. వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడడానికి ఫైర్ అనే అంతర్జాతీయ ప్రమాణమూ ఉన్నది. కొత్త భాష కనిపెట్టవలసిన పని లేదు, ఉన్న భాషలో మాట్లాడితే చాలు.

రోగి పేరు గడప దాటకూడదు. గిడ్డంగికి కావలసినది "120 మంది" అన్న సంఖ్య. ఆ 120 మంది ఎవరన్నది కేంద్రంలోని సిబ్బందికి తెలిస్తే చాలు. పేరు, ఫోను, ఆధారు, జబ్బు, వీటిని సరఫరా గొలుసులోకి ఎక్కించడానికి ఏ కారణమూ లేదు. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చినది. చట్టం లేకపోయినా వైద్యుని నీతి ఉన్నది.

కొత్త గడి ఒక్కటి కూడ వద్దు. ఏఎన్ఎం, ఫార్మసిస్టు ఇప్పుడు వ్రాస్తున్నదే ఒకసారి వ్రాయనివ్వండి. కలిపే పని యంత్రానిది. ఒకే అంకెను రెండుచోట్ల ఎక్కించమంటే అది అనుసంధానం కాదు, వెట్టి.

జవాబు క్రిందికి రావలెను. "మీ వద్ద ఆమ్లోడిపిన్ 12 రోజులకు సరిపోతుంది, ఫలానా తేదీకి వస్తుంది" అన్న మాట కేంద్రానికి తిరిగి రావలెను. నిల్వ 30 రోజులకు దిగితే ఎవరు, 15 రోజులకు దిగితే ఎవరు, 7 రోజులకు దిగితే ఎవరు కదలవలెనో పదవి పేరుతో సహా వ్రాసి ఉండవలెను. మొదటి, రెండవ, మూడవ ప్రమాద హెచ్చరికలు నదికి ఉన్నట్లే మందుకూ ఉండవలెను.

టెండర్లు, బిల్లులు, ఉద్యోగుల హాజరు, నకిలీ మందుల గుర్తింపు, ఇవి ముఖ్యమైనవే, కాని వేరే పనులు. 2023 ఆగస్టు 1 నుండి 300 మందుల బ్రాండ్లపై క్యూఆర్ కోడు తప్పనిసరి చేసినది నకిలీని పట్టడానికి. దానిని కూడ ఇందులో కలుపుదామన్న ఉత్సాహం చూపేవారికి నా మనవి: దయచేసి ఆగండి.

ఆక్షేపణలు

"మందులు కొనడానికి డబ్బు లేనప్పుడు లెక్కలు కలిపి ఏమి లాభం?" ఇది గట్టి ఆక్షేపణ, దీనిని నేను తేలికగా తీసివేయను. అంకెలు బిళ్ళలను పుట్టించవు. కాని ఇప్పటి పద్ధతిలో డబ్బు లేదన్న సంగతి కూడ బయటపడదు. 3,600 కావలసిన చోట 1,800 అడిగి 1,800 ఇచ్చామని చెప్పుకుంటే, శాసనసభలో ఎవరు ఏ ప్రశ్న అడగగలరు? అసలు అవసరం కాగితం మీదికి వస్తే, చాలని బడ్జెటు చాలనిదిగానే కనిపిస్తుంది. కొందరికి ఈ అనుసంధానం రుచించకపోవడానికి అదే కారణమేమోనని నాకు అనుమానం.

"సిబ్బంది తప్పుడు లెక్కలు వ్రాస్తారు, ముందు వాటిని సరిదిద్దండి." ఈ మాట తలక్రిందులుగా ఉన్నది. తాను వ్రాసిన అంకె వలన తన కేంద్రానికి మందు వస్తుందని తెలిసిన రోజున ఫార్మసిస్టు తప్పు వ్రాయడు. తన ఊరి వారి ముందు ఖాళీ చేతులు చూపించడం ఏ ఉద్యోగికీ ఇష్టం కాదు.

"ఎక్కువ పంపితే గడువు తీరి పారవేయవలసి వస్తుంది." నిజమే. అందువలననే రోగుల సంఖ్య కావలెను. ఒక కేంద్రంలో గడువు తీరుతున్న మందు, పది కిలోమీటర్ల దూరంలోని కేంద్రంలో నిండుకున్న మందు ఒకటే అయినప్పుడు, ఆ రెండు అలమరలకూ పరిచయం లేకపోవడమే వృథాకు మూలం.

మీరు చేయవలసినది

ఈ సంగతులు అధికారులకు చెప్పుకోవలసినవి, మాకెందుకు అని మీరు అనుకోవచ్చు. పాఠకులారా, నిండుకున్న మందు మీ తల్లిదండ్రులది.

ఈసారి కేంద్రానికి వెళ్ళినప్పుడు మందు లేదని చెప్పితే వెంటనే తిరిగి రాకండి. మర్యాదగా మూడు మాటలు అడగండి. ఏ తేదీ నుండి లేదు? ఎప్పుడు ఇండెంటు పెట్టారు? ఈ మందు వాడవలసినవారు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? మూడవ ప్రశ్నకు జవాబు రాకపోతే, ఈ వ్యాసం ఎందుకు వ్రాశానో మీకు అక్కడే అర్థమవుతుంది. అక్కడి సిబ్బందితో తగవు పెట్టుకోవద్దు, వారూ మనవలెనే ఈ ఏర్పాటుకు బాధితులు.

ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో, గ్రామసభలో ఒక చిన్న కోరిక కోరండి. పది మందుల పేర్లు, ఒక్కొక్కటి ఎన్ని రోజులకు సరిపోతుందో తెలిపే ఒక నల్లబల్ల కేంద్రం గోడకు ఉండవలెను. దానికి అయ్యే ఖర్చు సుద్దముక్క. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉన్నది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. గత సంవత్సరం ఫలానా మందు ఎన్ని రోజులు నిండుకున్నదో చెప్పమని అడగండి. 30 రోజులలో జవాబు ఇవ్వవలెను.

ఒక వైద్యునిగా చివరి మాట. బీపీ, షుగరు మందులు అయిపోవడానికి వారం ముందే వెళ్ళండి. కేంద్రంలో లేకపోతే జన ఔషధి దుకాణంలోనో మరొక చోటనో కొనుక్కొని అయినా కొనసాగించండి. బిళ్ళను సగం చేసి రోజులు పొడిగించవద్దు. వైద్యుని అడగకుండా ఒక మందుకు బదులు ఇంకొకటి వేసుకోవద్దు. మూతి వంకరపోవడం, చేయి పట్టు తప్పడం, మాట తడబడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గంటలు గడపకుండా 108ని పిలవండి.

ఆమె ప్రాణంతో బయటపడినది. ఇప్పుడు గోడ పట్టుకొని నాలుగు అడుగులు నడుస్తున్నది, ఎడమ చేతితో అన్నం తింటున్నది. భర్త ప్రతి నెలా 20వ తేదీకే కేంద్రానికి వెళ్ళి ముందుగా అడిగి వస్తున్నాడు. ఏటిగట్టు మీద నీటి గుర్తు చూసుకునే మనిషికి ఆ అలవాటు కొత్త కాదు. కాని ఆ గుర్తును చూడవలసిన బాధ్యత అతనిది కాదు. జీతం తీసుకొని చూడవలసినవారు వేరే ఉన్నారు.